తల్లి పేరు రాసిన పుస్తకం
ఫ్రెంచి కెనడా వలసదారుల వంశాలు, ఇంటిపేర్లు

కెనడా దేశంలో క్యూబెక్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచి భాష. అక్కడి పాత ఫ్రెంచి కుటుంబంలో పుట్టిన బడిపిల్లవాడు పూనుకుంటే తన తాత, ముత్తాత, ఆయన తండ్రి, ఆ పై తండ్రి అని పది పన్నెండు తరాల పేర్లు కాగితం మీద పెట్టగలడు. ప్రతి తండ్రి పక్కన తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు, ఆమెను కన్నవాళ్ల పేర్లు కూడా రాయగలడు. ఆ తాతలు రాజులూ కారు, జమీందార్లూ కారు. రైతులు, వడ్రంగులు, సిపాయిలు, రొట్టెలు కాల్చి అమ్ముకున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి సంతకం చేయడం కూడా రాదు.

సామాన్యుల వంశం ఇంత దూరం కాగితం మీద నిలవడం ప్రపంచంలో అరుదు. అది ఎలా సాధ్యమైంది? వాళ్లు పేర్లు ఎలా పెట్టుకున్నారు, ఆ పేర్లు ఎలా మారాయి, మారిన పేర్ల మధ్య మనుషులను ఎలా పట్టుకున్నారు? ఈ వ్యాసంలో చెప్పేది అదే.

ఇతరుల నేల మీదికి వలస వచ్చినవాళ్ల వంశాల సంగతి ఆదివాసులకు ఎందుకు అని అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. వంశాన్ని వెతికే పద్ధతి ఎవరు నేర్చుకున్నా పనికొస్తుంది. రెండోది, ఆ పుస్తకాల్లో వలస వచ్చినవాళ్ల ముత్తవ్వల పేర్లు భద్రంగా ఉంటే, ఆ నేల అసలు మనుషుల పేర్ల దగ్గర ఖాళీలున్నాయి. ఆ ఖాళీలు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోవలసిన అవసరం మనకే ఎక్కువ.

వచ్చినవాళ్లు ఎవరు?

1535లో జాక్ కార్టియే అనే ఫ్రెంచి నావికుడు సెయింట్ లారెన్స్ నది వెంట లోపలికి వచ్చాడు. ఇప్పటి క్యూబెక్ నగరం ఉన్నచోట అప్పుడు స్టాడకోనా అనే ఊరు ఉండేది. అక్కడివాళ్ల భాషలో ‘కనాటా’ అంటే ఊరు. ఆ మాటే కెనడా అయింది. ఆ ఊరి పెద్ద దొన్నకోనా. 1536లో తిరిగి వెళ్తూ కార్టియే దొన్నకోనాతో కలిపి పదిమందిని ఓడ ఎక్కించి ఫ్రాన్సుకు తీసుకుపోయాడు. వాళ్లలో ఒక్కరు కూడా సొంత ఊరు తిరిగి చూడలేదు.

ఫ్రెంచివాళ్లు అక్కడ స్థిరంగా కాలుపెట్టింది 1608లో. ఆ ఏడాది సామ్యూల్ ద షాంప్లేన్ క్యూబెక్‌లో కోట కట్టాడు. 1617లో లూయీ ఎబేర్ అనే మందుల వ్యాపారి, భార్య మారీ రోలే, ముగ్గురు పిల్లలతో వచ్చి సేద్యం మొదలుపెట్టాడు. 1634లో త్రువా రివియేర్, 1642లో మాంట్రియల్ వెలిశాయి. చుట్టూ ఇన్నూ, అల్గాంకిన్, వెండాట్, హోడెనోషోనీ ప్రజలు ఉండేవారు. ఫ్రెంచివాళ్లు వాళ్లలో కొందరితో బొచ్చుతోళ్ల వ్యాపారం చేశారు, కొందరితో యుద్ధాలు చేశారు.

వలసకు పెళ్లీడు ఆడపిల్లలు చాలడం లేదని ఫ్రాన్సు రాజు 1663 నుంచి 1673 దాకా దాదాపు 770 మంది యువతులను ఖజానా ఖర్చుతో పంపాడు. వాళ్లను ‘రాజుగారి కూతుళ్లు’ అన్నారు. పేరుకే రాజుగారి కూతుళ్లు. చాలామంది అనాథలు, పేదింటి పిల్లలు. 1665లో కారిన్యాన్-సాలియేర్ అనే సైనిక దళం 1200 మందికి పైగా సిపాయిలతో దిగింది. దళం వెనక్కి వెళ్లేటప్పుడు సుమారు 400 మంది అక్కడే ఉండిపోయి సేద్యంలోకి దిగారు. 1666లో జాన్ తలోన్ అనే అధికారి ఇల్లిల్లూ తిరిగి జనాభా లెక్కించాడు. లెక్కకు వచ్చిన వలసదారులు 3,215 మంది. మూలవాసులు ఆ లెక్కలో లేరు.

1608 నుంచి 1760 దాకా, ఆ నూట యాభై ఏళ్లలో, ఫ్రాన్సు నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు సుమారు 10 వేల మందే. 1763 ఒప్పందంతో ఆ నేల బ్రిటిష్ వాళ్ల చేతికి పోయాక ఫ్రాన్సు నుంచి వలస ఆగిపోయింది. ఇప్పుడున్న లక్షల కుటుంబాలు ఆ కొద్దిమంది సంతానమే. అందుకే అక్కడ ఎవరి వంశం పట్టుకుని వెనక్కి వెళ్లినా అవే పేర్లు ఎదురవుతాయి. 1634లో పేర్ష్ ప్రాంతం నుంచి వచ్చిన జకారీ క్లూతియే అనే వడ్రంగి సంతానాన్ని పరిశోధకులు లెక్కకట్టారు. 1800 లోపు పెళ్లి చేసుకున్న అతని వారసులే 10,850 మంది తేలారు. క్యూబెక్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఇంటిపేరు త్రాంబ్లే. ఆ పేరు గలవాళ్లు దాదాపు అందరూ 1657లో పెళ్లాడిన పియేర్ త్రాంబ్లే, ఓజాన్ అషోన్ దంపతుల నుంచి వచ్చినవాళ్లే.

పుస్తకంలో ఏం రాశారు?

వీళ్ల వంశాలను నిలబెట్టింది చర్చి రిజిస్టరు. ఒక్కో గురువు కింద ఉండే చర్చి పరిధిని తెలుగు కథోలికులు ‘విచారణ’ అంటారు. ప్రతి విచారణలో జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధులు ఒక పుస్తకంలో రాయాలి. ఫ్రాన్సులో 1539 నాటి రాజాజ్ఞ జ్ఞానస్నానాలు రాయమంది. 1579 నాటి ఆజ్ఞ పెళ్లిళ్లు, మరణాలు కూడా చేర్చింది. 1667లో ఇంకో మంచి నిబంధన వచ్చింది. ప్రతి పుస్తకాన్ని రెండు ప్రతులుగా రాయాలి. ఒకటి చర్చిలో ఉండాలి, రెండోది కోర్టుకు పంపాలి. ఒక ప్రతి కాలిపోయినా రెండోది మిగులుతుంది.

రెండో ప్రతి ఎంత అవసరమో క్యూబెక్ వాళ్లకు అంతకుముందే తెలిసి వచ్చింది. 1640లో అక్కడి చర్చి నిప్పంటుకుని కాలిపోయింది. రిజిస్టరు కూడా బూడిదైంది. అప్పుడు గురువులు జనాన్ని అడిగి, తమకు గుర్తున్నది కలిపి, ఆ పాత పేజీలు మళ్లీ రాశారు. అంటే క్యూబెక్ మొదటి రికార్డు కూడా మనుషుల జ్ఞాపకం లోంచి వచ్చినదే. నోటి మాటకు విలువ లేదని, కాగితమే సాక్ష్యమని మనతో వాదించేవాళ్లకు ఈ సంగతి చెప్పవచ్చు.

పెళ్లి రాతలో వరుడి పేరు, అతని తల్లిదండ్రుల పేర్లు, వాళ్ల ఊరు ఉంటాయి. వధువు వైపు కూడా అవే ఉంటాయి. తల్లి పేరు రాసేటప్పుడు ఆమె పుట్టింటి పేరుతో రాశారు. ఫ్రెంచి ఆచారం ప్రకారం పెళ్లయినంత మాత్రాన స్త్రీ అసలు పేరు పోదు. ఊళ్లో ఫలానా ఆయన భార్య అని పిలిచినా, జ్ఞానస్నానంలో, పెళ్లిలో, నోటరీ దగ్గర, చివరికి సమాధి రాతలో ఆమె పుట్టింటి పేరే ఉంటుంది. ఇంగ్లీషువాళ్ల రికార్డుల్లో పెళ్లితో స్త్రీ పేరు మారిపోతుంది కాబట్టి ఆమె పుట్టిల్లు వెతకడం చాలా కష్టం. ఫ్రెంచి కెనడాలో ఆ చిక్కు తక్కువ. తల్లి నుంచి తల్లికి, ఆమె తల్లికి నడుచుకుంటూ ఓడ దిగిన మొదటి స్త్రీ దాకా పోవచ్చు. తర్వాతి కాలంలో భర్త ఇంటిపేరు వాడే అలవాటు అక్కడ కూడా పెరిగింది. 1981లో క్యూబెక్ చట్టం మార్చింది. పెళ్లి తర్వాత కూడా స్త్రీ తన పుట్టింటి పేరుతోనే చట్టం ముందు ఉండాలని నిర్ణయించింది.

ఒకే మనిషికి రెండు ఇంటిపేర్లు

ఈ పుస్తకాలు చదవబోయే వాళ్లను మొదట తికమక పెట్టేది ‘ది’ అనే చిన్న మాట. ఫ్రెంచిలో దానికి ‘అని పిలిచే’ అని అర్థం. మన పోలీసు కాగితాల్లో ‘అలియాస్’ అని, పాత దస్తావేజుల్లో ‘ఉరఫ్’ అని కనిపిస్తుంది కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ అందులో తప్పు పట్టేదేమీ లేదు. వేలాది కుటుంబాలకు గౌరవంగా రెండు ఇంటిపేర్లు ఉండేవి.

ఈ రెండో పేర్లు చాలావరకు సైన్యం నుంచి వచ్చాయి. ఒక పటాలంలో పియేర్‌లు, జాన్‌లు డజన్ల కొద్దీ ఉంటారు. అందుకని సిపాయికి ఒక యుద్ధ పేరు పెట్టేవారు. లాఫ్లేర్ అంటే పువ్వు. సాన్ సూసీ అంటే చింత లేనివాడు. జోలికేర్ అంటే హుషారు గుండెవాడు. త్రాంష్‌మోంతాన్య్ అంటే కొండను నరికేవాడు. సిపాయి కత్తి దించి నాగలి పట్టినా పేరు మాత్రం వెంట వచ్చింది. పిల్లలకు అదే ఇంటిపేరైంది.

కొన్ని పేర్లు ప్రాంతాన్ని బట్టి వచ్చాయి. పికార్డీ నుంచి వచ్చినవాడు పికార్. ఆంజూ నుంచి వచ్చినవాడు లాంజ్‌వాన్. సెయింటోంజ్ అని ఒక ఇంటిపేరు ఉంది. చూస్తే ఎవరో పునీతుడి పేరులా ఉంటుంది. కానీ ఆ పేరుతో పునీతుడు లేడు. అది పడమటి ఫ్రాన్సులో ఒక ప్రాంతం పేరు. ఇంటిపేరును చూపుకు తోచినట్టు అర్థం చేసుకోకూడదని ఇది చెబుతుంది.

ఇంకొన్ని భూమిని బట్టి వచ్చాయి. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పియేర్ మివీల్‌ను అందరూ ‘ల స్విస్’, అంటే స్విస్ దేశంవాడు అన్నారు. ఆయన కొడుకు జాక్‌ను ‘దెషేన్’ అన్నారు. ఆ మాటకు సింధూర చెట్లవాడు అని అర్థం చెప్పుకోవచ్చు. ఒకే ఇంట్లో తండ్రికి ఒక పేరు, కొడుకుకు ఒక పేరు. ఇప్పుడు ఆ వంశంలో కొందరు మివీల్, కొందరు దెషేన్, కొందరు రెండూ కలిపి మివీల్-దెషేన్. రొట్టెలు చేసే పియేర్ యూదోన్‌కు ‘బోలియో’, అంటే చక్కని చోటు అనే రెండో పేరు ఉండేది. ఆయన సంతానంలో కొందరు యూదోన్‌లు, కొందరు బోలియోలు. పేర్లు చూస్తే రెండు కుటుంబాలు, రక్తం చూస్తే ఒక్కటే.

చిక్కు ఏమిటంటే ఈ పేర్లు నిలకడగా ఉండవు. ఒక మనిషి జ్ఞానస్నానం ఒక పేరుతో, పెళ్లి ఇంకో పేరుతో, మరణం రెండు పేర్లతో రాసి ఉండవచ్చు. దానికి తోడు రాసిన గురువు చెవికి ఎలా వినపడితే అలా అక్షరాలు పెట్టాడు. చెప్పేవాడికి చదువు రాదు కాబట్టి తప్పు దిద్దలేడు. 19వ శతాబ్దం రెండో సగంలో కుటుంబాలు ఏదో ఒక పేరు దగ్గర ఆగాయి. అన్న ఒక పేరు ఉంచుకుంటే తమ్ముడు రెండోది ఉంచుకున్న ఇళ్లు ఉన్నాయి.

అక్కడితో కూడా అయిపోలేదు. 1840 నుంచి 1930 దాకా సుమారు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు పొట్టకూటికి అమెరికా వెళ్లారు. చాలామంది బట్టల మిల్లుల్లో చేరారు. అక్కడ ఇంగ్లీషు మేస్త్రీలకు, గుమస్తాలకు వీళ్ల పేర్లు నోరు తిరగలేదు. బువావేర్ అంటే పచ్చి కర్ర, అది గ్రీన్‌వుడ్ అయింది. ల బ్లాన్ వైట్ అయింది. రువా కింగ్ అయింది. లజనెస్ యంగ్ అయింది. ఒకప్పుడు ఇతరుల నేల మీద తమ పేర్లు పెట్టుకుంటూ పోయినవాళ్ల మనవలకే, పరాయి రిజిస్టరు ముందు నిలబడి పేరు పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో తెలిసింది.

బిడ్డకు పేరు పెట్టే పద్ధతి

బిడ్డ పుట్టిన రోజునే, లేకపోతే మర్నాడే జ్ఞానస్నానం జరిగేది. బిడ్డ బతకదనిపిస్తే మంత్రసాని ఇంటి దగ్గరే నీళ్లు చల్లి ఆ పని చేయవచ్చు. జ్ఞానస్నానానికి ఒక జ్ఞానతండ్రి, ఒక జ్ఞానతల్లి ఉండాలి. చాలాసార్లు వాళ్లు మేనమామ, మేనత్త, తాత, అమ్మమ్మ లాంటి దగ్గరివాళ్లే. బిడ్డకు వాళ్ల పేరు పెట్టడం ఆచారం. పేరు ఏదైనా పునీతుల పేర్లలోంచి రావాలి.

దీనివల్ల పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ అయ్యారు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురైదుగురు జాన్-బాప్తిస్త్‌లు ఉండేవారు. ఒక బిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవారు. ఇది తెలియకపోతే చనిపోయిన పసివాడికి పెళ్లి చేసేస్తాం. 19వ శతాబ్దానికి ఇంకో అలవాటు బలపడింది. మగబిడ్డ అయితే పేరుకు ముందు జోసెఫ్, ఆడబిడ్డ అయితే మారీ రాయాలి. తర్వాత జ్ఞానతండ్రి పేరో, జ్ఞానతల్లి పేరో వస్తుంది. చివరగా ఇంట్లో పిలిచే పేరు వస్తుంది. అంటే రిజిస్టరులో మొదట కనిపించే పేరుతో ఆ మనిషిని ఊళ్లో ఎవరూ పిలవలేదు.

అయినా ఈ ఆచారంలో వెతికేవాళ్లకు ఒక మేలు ఉంది. బిడ్డ పేరు ఎవరి నుంచి వచ్చిందో చూస్తే, ఆ జ్ఞానతండ్రి ఈ ఇంటికి ఏమవుతాడో తెలుస్తుంది. పేరు చుట్టరికానికి దారి చూపుతుంది.

వెనక్కి నడిచే దారి

క్యూబెక్‌లో వంశం వెతికేవాళ్ల మొదటి సూత్రం, తెలిసినచోటి నుంచి తెలియనిచోటికి ఒక్కో మెట్టు దిగడం. ఎవరో గొప్పవాడి పేరు పట్టుకుని అతను మా తాత అని కిందికి రాకూడదు. రెండో సూత్రం, పెళ్లి నుంచి పెళ్లికి నడవడం. నా తల్లిదండ్రుల పెళ్లి రాతలో రెండు వైపుల తాత, అవ్వల పేర్లు దొరుకుతాయి. ఆ పేర్లతో వాళ్ల పెళ్లి రాత వెతికితే ముత్తాత, ముత్తవ్వలు దొరుకుతారు. ఒక్కో పెళ్లి ఒక్కో మెట్టు.

మధ్యలో మెట్టు విరిగి ఉండవచ్చు. ఉదాహరణకు, భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె తల్లిదండ్రుల పేర్లకు బదులు ‘ఫలానా వాడి భార్యగా ఉండినది’ అని రాశారు. అప్పుడు ఆమె మొదటి పెళ్లి రాత దాకా పోవాలి. చర్చి పుస్తకంలో దొరకనిది నోటరీ కాగితాల్లో దొరకవచ్చు. ఆ రోజుల్లో పెళ్లికి ముందు నోటరీ దగ్గర ఒప్పందం రాసుకునేవారు. మనిషి పోతే ఇంట్లో సామాను జాబితా కట్టేవారు. ఎన్ని ఆవులు, ఎన్ని గొడ్డళ్లు, ఏ కుండకు బీట ఉంది అన్నీ రాశారు. పసిపిల్లలు మిగిలితే రెండు వైపుల బంధువులను పిలిచి సంరక్షకుడిని ఎన్నుకునేవారు. ఆ కాగితంలో బాబాయి ఎవరో, మేనమామ ఎవరో వరసతో సహా ఉంటుంది.

అందుకే అక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఒక్క పేరును నమ్మరు. పేరుతో పాటు భార్య పేరు, తల్లిదండ్రులు, ఊరు, జ్ఞానతండ్రి, సాక్షులు అన్నీ కలిపి చూస్తారు. రెండు రాతల్లో ఇంటిపేరు వేరైనా మిగిలినవన్నీ కలిస్తే మనిషి ఒకడే. పేరు కలిసినా మిగిలినవి కలవకపోతే మనుషులు ఇద్దరు. పేరు జారిపోతుంది, చుట్టరికం జారదు.

ఈ పని ఒకరిద్దరితో అయింది కాదు. సైప్రియెన్ తాంగే అనే గురువు ఊరూరా రిజిస్టర్లు చూసి 1871 నుంచి 1890 దాకా ఏడు సంపుటాల వంశ నిఘంటువు అచ్చు వేశాడు. 1966లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత రిజిస్టర్లలోని రాతలన్నీ కంప్యూటరుకు ఎక్కించి ఒక్కో మనిషికీ ఒక్కో చరిత్ర కట్టే పని మొదలుపెట్టారు. జకారీ క్లూతియే సంతానం లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

అదే పుస్తకంలో ఖాళీలు

ఇప్పుడు అదే రిజిస్టరును ఆ నేల మనుషుల వైపు నుంచి చదువుదాం.

1644 నవంబరులో క్యూబెక్‌లో మార్తాన్ ప్రెవో అనే ఫ్రెంచివాడికి, ఒక మూలవాసీ యువతికి పెళ్లయింది. ఆ వలసలో ఫ్రెంచివాడికీ మూలవాసీ స్త్రీకీ జరిగిన పెళ్లిళ్లలో రికార్డుకు ఎక్కిన మొదటిది ఇదే అంటారు. ఆమె పేరు మారీ ఒలివియే సిల్వెస్త్ర్ అని రాశారు. మారీ చర్చి పేరు. ఒలివియే ఆమెను సాకిన ఫ్రెంచి అధికారి పేరు. పక్కన ఆమె తండ్రి పేరు మనిటువబెవిష్ అని ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. ఆమెకు తల్లి పెట్టిన పేరు ఏమిటో ఆ రాత చెప్పదు.

ఇంతకంటే బాధపెట్టే రాతలు ఉన్నాయి. ఫ్రెంచి కెనడాలో బానిసలు ఉండేవారు. 1709లో ఒక అధికారిక ఆజ్ఞ బానిసలను కొనడం, ఉంచుకోవడం చెల్లుతుందని చెప్పింది. మార్సెల్ త్రుదెల్ అనే చరిత్రకారుడు పాత కాగితాలన్నీ గాలించి సుమారు 4,200 మంది బానిసల జాడ తీశాడు. వాళ్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా మూలవాసులే. మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా సంతతివాళ్లు. పడమటి దూర ప్రాంతాల నుంచి చిన్నపిల్లలుగా పట్టి తెచ్చిన మూలవాసులను అందరినీ కలిపి ‘పానీ’ అన్నారు. అది అసలు పానీ అనే ఒక తెగ పేరు. ఏ తెగ పిల్లయినా ఆ మాటే రాశారు. రిజిస్టరులో ఒక చర్చి పేరు, సుమారు వయసు, ఫలానా దొరకు చెందిన పానీ అనే మాట ఉంటాయి. తల్లి పేరు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. అదే పేజీలో, అదే చేతిరాతలో, అదే సిరాతో పై వరసలో రైతు బిడ్డకు తండ్రి, తల్లి, తల్లి పుట్టిల్లు, జ్ఞానతల్లి అన్నీ ఉంటాయి. రాయడం చేతకాక వదిలేసిన ఖాళీ కాదు అది.

తర్వాతి కాలంలో చట్టమే ఆ పని చేసింది. 1869లో చేసిన చట్టం, 1876 నాటి ఇండియన్ చట్టం మూలవాసులకు ఒక కొత్త లెక్క పెట్టాయి. మూలవాసీ స్త్రీ బయటివాడిని పెళ్లి చేసుకుంటే ఆమె ప్రభుత్వ జాబితా నుంచి పోతుంది. ఆమె పిల్లలూ పోతారు. మూలవాసీ పురుషుడు బయటి స్త్రీని చేసుకుంటే ఆమె జాబితాలోకి వస్తుంది. హోడెనోషోనీల్లో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. బిడ్డ తల్లి గోత్రంవాడు. అలాంటి జాతి మీద తండ్రి లెక్కను రుద్దారు. వలసదారుల పుస్తకం తమ స్త్రీల పుట్టింటి పేరును కాపాడితే, చట్టం మూలవాసీ స్త్రీని పుట్టింటి నుంచే తుడిచేసింది.

దీని మీద స్త్రీలే పోరాడారు. మాంట్రియల్ పక్కనున్న కనవాకే అనే మొహాక్ ఊరి ఆడబిడ్డ మేరీ టూ-యాక్స్ ఎర్లీ ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి మాట్లాడింది. జెనెట్ కోర్బియేర్ లావెల్ కోర్టుకెక్కింది. 1973లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. శాండ్రా లవ్‌లేస్ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా పోయి 1981లో తన వాదం నెగ్గించుకుంది. చివరికి 1985లో చట్టం మారింది. పోయిన గుర్తింపును మొదట తిరిగి పొందింది మేరీ టూ-యాక్స్ ఎర్లీ. అప్పటికి ఆమెకు డెబ్భై ఏళ్లు దాటాయి.

వంశం వేరు, జాతి వేరు

ఈ మధ్య కథ ఇంకో మలుపు తిరిగింది. 17వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లను పెళ్లాడిన కొద్దిమంది మూలవాసీ స్త్రీల పేర్లు పట్టుకుని, మేమూ మూలవాసులమే అని చెప్పుకునే తెల్లవాళ్ల సంఘాలు పుట్టాయి. వేట హక్కులు, చేపల హక్కులు తమకూ కావాలని కోర్టులకు వెళ్లాయి. డారిల్ లెరూ అనే సమాజ శాస్త్ర పరిశోధకుడు 2019లో దీని మీద ఒక పుస్తకం రాశాడు. మొదట వచ్చినవాళ్లు కొద్దిమందే కాబట్టి, అలాంటి ఒక ముత్తవ్వ పాత క్యూబెక్ కుటుంబాల్లో చాలామందికి ఉంటుంది. పది తరాల వెనక వెయ్యికి పైగా పూర్వీకుల్లో ఆమె ఒకతె. ఆమె జాతితో మిగిలిన తొమ్మిది తరాల వాళ్లకు ఏ సంబంధమూ లేదు. ఆ జాతి కష్టంలో భాగం లేదు. ఆ జాతి వీళ్లను తమవాళ్లుగా ఎరగదు.

వంశవృక్షం ఎవరి నుంచి పుట్టామో చెబుతుంది. ఎవరిలో ఒకరమో చెప్పవలసింది ఆ జాతి. తప్పుడు కుల ధృవపత్రాలతో ఆదివాసుల సీట్లు, ఉద్యోగాలు పోతున్న చోట ఉన్న మనకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

మనం ఏం చేయాలి?

మన వంశాలకు చర్చి పుస్తకం లేదు. కానీ పుస్తకమే లేదనకూడదు. ఆదిలాబాద్ గోండుల వంశ కథలను ప్రధాన్లు కీక్రి వాయిస్తూ తరాలుగా నిలబెట్టారు. కోయల్లో గట్టు, గోండుల్లో సగ తెలియకుండా పెళ్లి సంబంధం మాట్లాడరు. బడి రిజిస్టరులో, ఆధార్ కార్డులో ఉండేది మాత్రం పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు. గట్టు ఉండదు, తల్లి పుట్టిల్లు ఉండదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో రాసిన పేరు ఒకటి. ఇది మన ‘ది’ పేరు.

దీని విలువ భావోద్వేగానికి పరిమితం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో చేసిన నిబంధనల్లో 13వది ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో చెబుతుంది. పాత రికార్డుల్లో ఉన్నవాళ్ల నుంచి గానీ, ఆ ఊరి పాత కాపురస్తులుగా అందరూ ఒప్పుకున్నవాళ్ల నుంచి గానీ మన దాకా వచ్చే వంశక్రమం అందులో ఒక సాక్ష్యం. హక్కు అడిగేవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పి రాయించిన మాట ఇంకో సాక్ష్యం. పోడు పట్టా కాగితంలో తాత పేరు ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా ఉందని దరఖాస్తు పక్కన పెడితే, ఆ ఇద్దరూ ఒకరే అని చూపగలిగేది చుట్టరికం రాసిపెట్టిన కాగితమే.

ఉపాధ్యాయులు బడిలో ఈ పని మొదలుపెట్టవచ్చు. ప్రతి విద్యార్థీ ఒక పుస్తకం తీసుకోవాలి. తన నుంచి మొదలుపెట్టి పెళ్లి నుంచి పెళ్లికి వెనక్కి వెళ్లాలి. ప్రతి మనిషికి ఇంట్లో పిలిచే పేరు, కాగితాల మీది పేరు, ఇంటిపేరు, గట్టు లేదా సగ, పుట్టిన ఊరు, అంతకుముందు ఉన్న ఊరు రాయాలి. ప్రతి స్త్రీకి ఆమె పుట్టిల్లు తప్పకుండా రాయాలి. పేరు ఎవరి జ్ఞాపకంగా పెట్టారో అడిగి రాయాలి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కింద ఉండాలి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి, ఒకటి కొట్టేయకూడదు. తెలియనిచోట ఖాళీ ఉంచాలి. ఊహించి నింపకూడదు. గోండి, కోయ, సవర, కువి ఏ భాషలో పేరు పలికితే ఆ పలుకుబడికి దగ్గరగా రాయాలి. తెలుగు చెవికి ఇంపుగా ఉండాలని మార్చకూడదు.

ఆఖరుగా, పుస్తకం రెండు ప్రతులు ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి గ్రామసభ దగ్గర. ఇల్లు కాలవచ్చు, వరద రావచ్చు, ఊరే లేచిపోవలసి రావచ్చు. క్యూబెక్ చర్చి కాలినప్పుడు అడగడానికి గుర్తున్న మనుషులు బతికి ఉన్నారు. మన అవ్వలు, తాతలు ఇప్పుడున్నారు. ముందుగా నాయనమ్మను, అమ్మమ్మను ఆమె తల్లి పేరు అడిగి ఈ వారమే రాయండి.